నాడియా, ఊపిరియా? హైదరాబాదులో ఒక వివాదము

మహేశ్వరమునుండి గుండె లయ తప్పిన రోగి యెవరైనా నేడు నగరమునకు వచ్చినచో, వైద్యులు తొడ దగ్గర రక్తనాళములోనికి సన్నని గొట్టమును ఎక్కించి, గుండెలో లయను చెరచుచున్న చోటును కాల్చివేయుదురు. అంతకుముందు రోగి అడుగునది ఒక్కటే: "నాకేమీ కాదు గదా?" ఈ ప్రశ్నకు హైదరాబాదులో నూరేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నదనిన శ్రోతలకు వింతగా తోచవచ్చును.

1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చినాడు. మూడు నెలలు తిరుగకమునుపే, 1848 జనవరిలో, ఇంగ్లండున హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనబోయి మరణించినది. అటుపై ఇట్టి వార్తలు ఆగలేదు. చిత్రమేమనగా, ఆరోగ్యవంతులే, స్వల్పచికిత్సలకే, మత్తు పూర్తిగా ఎక్కకముందే పోవుచుండిరి. నాడిని పట్టి చూడుమని లండను వైద్యులు, ఊపిరిని కనిపెట్టుమని ఎడింబరో వైద్యులు వాదించుకొన్నారు.

ఎడింబరోలో సైమ్ వద్ద చదివిన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా ఉండి, 1888లో ఒక సంఘమును కూర్చి, కుక్కలపై ప్రయోగించి, ముందు ఆగునది ఊపిరియే గాని గుండె కాదని తేల్చినాడు. లండను 'లాన్సెట్' పత్రిక నమ్మలేదు. నిజాం ప్రభుత్వము 1000 పౌన్లిచ్చి, మీ మనిషినే పంపుడన్నది! 1889లో లాడర్ బ్రంటన్ వచ్చినాడు. గుండెపైననే అనుమానముతో వచ్చినవాడు, వందలాది జంతువులను పరీక్షించి లారీ పక్షమునకే మారినాడు.

ఊపిరిని కనిపెట్టుమన్న బోధ మంచిదే. గుండెకు నేరుగా ముప్పు ఎన్నడును లేదన్న మాటయే చెడ్డది. 1911లో లెవీ పిల్లులపై చేసిన పరిశోధనతో గుట్టు బయటపడినది. క్లోరోఫారము మత్తు తేలికగా ఉన్నప్పుడు రక్తములో ఎడ్రినలిన్ పెరిగినచో, గుండె లయ తప్పి, వట్టిగా వణకి ఆగిపోవును. భయమున మనిషి శరీరములో ఊరునది ఆ ఎడ్రినలినే. లారీ లెక్కలో రోగి భయమునకు చోటే లేదు.

నేటి వైద్యుడు లయ చికిత్సకు ముందు వయస్సు, మూత్రపిండముల పని, గుండె బలము, మునుపటి పక్షవాతము విచారించును. గుండె చుట్టు పొరలో రక్తము చేరుట, రక్తపు గడ్డ మెదడునకు పోవుట, తొడ దగ్గర రక్తస్రావము, ఇవి అతడు కాచుకొను ఆపదలు. చికిత్స చేయు చేతి అనుభవమును బట్టియు ముప్పు మారును. ఇన్ని లెక్కించియు అతడు చెప్పగలిగినది ఇటువంటివారిలో నూటికి ఇందరికని మాత్రమే. మహేశ్వరపు రోగి అడిగినది తన సంగతి.