‘అస్తిత్వం’: ఒక మాట, రెండు అర్థాలు

పావగడ తాలూకా బలసముద్రం వైపునుంచి కన్నడ మాధ్యమంలో చదువుకొని వచ్చిన తెలుగు విద్యార్థికి మన విమర్శలో ‘అస్తిత్వం’ అన్న మాట కొంత ఇబ్బంది పెడుతుంది. కన్నడంలో సార్త్ర్ తత్త్వాన్ని ‘అస్తిత్వవాద’ అంటారు. కులం, భాష, ప్రాంతం ఇచ్చే గుర్తింపును ‘అస్మితె’ అంటారు. తెలుగు విమర్శలో ఎక్కువగా రెండింటికీ అస్తిత్వమే.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ 1940ల నవలలు. వాటికి అస్తిత్వవాద ముద్ర విమర్శకులు వేసినది. సార్త్ర్ పారిస్‌లో తన ప్రసిద్ధోపన్యాసం ఇచ్చింది 1945లోనే. ‘ఎందుకు’ అని అడగడం నేర్పిన తండ్రికి గోపీచంద్ తన నవలను అంకితమిచ్చాడు. ఆ తండ్రి హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి. సీతారామారావు వేదన మూలాలు పారిస్‌లో కంటె ఆ ఇంట్లో వెదకడమే న్యాయం. ‘నీలిమేఘాలు’ (1993), ‘చిక్కనవుతున్న పాట’ (1995) వచ్చిన దశాబ్దం నుంచి మాత్రం అస్తిత్వమంటే ఒంటరి మనిషి కాదు, స్త్రీలు, దళితులు అనే సమూహాలు.

విచిత్రమేమంటే, ఈ రెండు భావాలనూ మన వ్యాకరణం స్పష్టంగా విడదీస్తుంది. ‘నేను కర్ణాటకలో ఉన్నాను’ అనడానికి క్రియ కావాలి. ‘నేను తెలుగువాణ్ణి’ అనడానికి అక్కరలేదు. ఫ్రెంచివారికి రెండుచోట్లా ఒకే క్రియ. మనిషి ముందు ఉంటాడు, తరవాతనే ఫలానావాడవుతాడన్న సార్త్ర్ సిద్ధాంతం తెలుగులో చెప్పడం ఎంత తేలికో చూడండి. ‘అస్’ ధాతువునుంచి పుట్టిన సంస్కృత పదాన్ని అరువు తెచ్చుకొని ఆ తేడాను మనమే చెరుపుకున్నాం. (కన్నడం వాడే ‘అస్మిత’ కూడా ఆ ధాతువుదే, యోగసూత్రాల్లో అది పంచక్లేశాలలో ఒకటి!)

అయితే ఈ కలయిక కేవలం మాటల పొరపాటు కాదు. నల్లజాతి కవుల సంకలనానికి 1948లో ముందుమాట రాస్తూ సార్త్ర్, వారి జాతిచైతన్యం దాటిపోవలసిన ఒక దశ మాత్రమేనన్నాడు. ఫ్రాంజ్ ఫానన్ 1952లో దీన్ని గట్టిగా ఆక్షేపించాడు: ఆ చైతన్యాన్ని లోపలినుంచి జీవిస్తున్నవాడికి అది మెట్టు కాదు. అదే పుస్తకం చివర, తాను చరిత్రకు బందీని కానని కూడా అతడే అన్నాడు. ‘ఉన్నాను’, ‘ఫలానావాణ్ణి’ అన్న రెండు వాక్యాలూ ఒకే మనిషి నోట, ఒకే పుస్తకంలో వినిపిస్తాయి.