దారులు ఆరే కాలం

మాఘం వెళ్లేసరికి అరకు లోయ చుట్టుపక్కల ఊళ్లలో చింతచెట్ల కింద సందడి మొదలవుతుంది. కుర్రాళ్లు చెట్టెక్కి కొమ్మలు దులుపుతుంటే ఆడవాళ్లు, పిల్లలు కింద కాయలేరుతారు. బుట్టలు ఇంటికి చేరాక అసలు పని ఉంటుంది. పెంకు ఒలవాలి, ఈనె లాగాలి, పండును రాతి మీద పెట్టి కర్రతో కొట్టి గింజ జార్చాలి. ఒక వేసవిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఈ పని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చూశాను. ఆ ఇంటి పెద్దావిడ ఒక్కో పండును రెండు దెబ్బల్లో తేల్చేస్తోంది. మూడో దెబ్బ పడితే పండు నలిగిపోతుందట. పులుపు ఎక్కి ఆమె వేళ్ల సందులు పగిలి ఉన్నాయి. మధ్యమధ్య ఆనపకాయ బుర్రలోంచి చోడి అంబలి వంపుకుని తాగి మళ్లీ కర్ర అందుకునేది. గింజతో అమ్మితే ఒక ధర, గింజ తీసి అమ్మితే ఇంకో ధర. ఆ తేడా కోసమే ఆ వేళ్లు అలా పగిలాయి.

మైదానంలో వేసవి అంటే మనం నీడ వెతుక్కునే రోజులు. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తునున్న ఈ లోయలో ఏడాది మొత్తంలో పని ముమ్మరంగా సాగేది అప్పుడే. వానాకాలంలో గెడ్డలు పొంగుతాయి, కొండవాలు దారులు జారుడుబండలవుతాయి, మన్యం జ్వరం మంచం పట్టిస్తుంది. సంక్రాంతి దాటాక దారులు ఆరతాయి. అడవి సరుకు అప్పుడే కిందికి దిగుతుంది. సర్కారు మనుషులు, షావుకార్లు, గుత్తేదార్లు కూడా అప్పుడే పైకెక్కేవారు. విశాఖ మన్యం చరిత్రను చదివేకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఇది: ఈ కొండలకు వచ్చిన ప్రతి మార్పూ ముందుగా ఇక్కడి వేసవి మీదే చెయ్యి వేసింది.

పాత కాలం పద్ధతి చూద్దాం. బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ, కోదు కుటుంబాలు ఇక్కడ తరాలుగా కలిసి బతుకుతున్నాయి. కొండవాలులో పోడు కొట్టేవాళ్లు చలి తగ్గగానే గొడ్డళ్లు పట్టేవారు. నరికిన పొదలు, కొమ్మలు చైత్రం దాకా ఎండేవి. ఆ తరవాత నిప్పు పెట్టి, చల్లారిన బూడిదలో తొలకరికి సామ, చోడి, కంది కలిపి జల్లేవారు. ఈ పనికి గడువు తక్కువ. తొందరపడి కాలిస్తే పచ్చిది అంటుకోదు. ఆలస్యమైతే వాన ముందే వచ్చి బూడిదను గెడ్డలో కలిపేస్తుంది.

ఎండిన కొమ్మల కోసం ఎదురుచూసే ఆ చైత్రంలోనే ఇటుకల పండగ వస్తుంది. కొండకు అవతల కోరాపుట్ వైపు దీన్నే చైత్ర పర్వమంటారు. విత్తనాలను గ్రామదేవత ముందు పెట్టి పూజ చేయిస్తారు. మగవాళ్లు వేటకు వెళ్తారు. ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఊరి మొదట్లోనే పేడనీళ్లతో ఎదురొచ్చి ఆట పట్టిస్తారు. రాత్రుళ్లు థింసా నృత్యం. వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వచ్చాక వేట చాలావరకు ఆనవాయితీగా మిగిలింది. ఆడవాళ్లు దారికి అడ్డంగా తాడో కర్రో పట్టుకుని వచ్చేపోయేవాళ్ల దగ్గర పండగ డబ్బులు అడగడం మాత్రం ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు ఎద్దులబండ్లను ఆపేవారు, ఇప్పుడు కార్లను ఆపుతున్నారు.

మామిడికీ ఇలాంటి కట్టుబాటే ఉంది. కొత్త పండగ చేసి దేవతకు పెట్టకుండా కొత్తకాయ నోట పెట్టరు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. కాయ ముదరకముందే చెట్లు ఖాళీ కాకుండా ఊరంతా ఒక రోజుకు కట్టుబడి ఉండడంలో ఎంతో ముందుచూపు ఉంది. ఎందుకంటే మామిడి ఇక్కడ నోరూరించే పండు మాత్రమే కాదు, ఆకలి రోజుల తిండి కూడా. కిందటి పంట గింజలు వేసవి చివరికి అయిపోతాయి, కొత్త పంట చేతికి రావడానికి ఇంకా నెలలు పడుతుంది. ఆ నడుమ టెంక అంబలి ఆదుకునేది. తిని పారేసిన టెంకలను ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడిని ముక్కలు చేస్తారు. ఆ ముక్కలను బుట్టలో పోసి పారే గెడ్డలో కొన్ని రోజులు ఉంచుతారు. వగరు నీటిలో కొట్టుకుపోయాక తీసి, ఆరబెట్టి, దంచి, ఆ పిండితో అంబలి కాస్తారు. తడి ఆరకుండా నిలవచేస్తే బూజు పట్టి ప్రాణం మీదకి తెస్తుంది. అది తిని జబ్బుపడ్డవారి వార్తలు మన పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. ఆ వార్తల్లో టెంకను తప్పుపట్టడమే తప్ప, టెంక దాకా ఎందుకు వచ్చిందన్న ప్రశ్న తక్కువగా కనిపించింది.

జీలుగు చెట్టూ ఇలా ఆదుకునేదే. శీతాకాలం నుంచి ఎండాకాలం దాకా దాని కల్లు పెద్దవాళ్లకు సగం తిండి. మరీ కరువొస్తే చెట్టును కొట్టి లోపలి గుజ్జును దంచి పిండి తీసేవారు. 1940ల్లో గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ కూడా ఈ చెట్టును ఆకలి రోజుల ఆధారంగానే చూశాడు.

ఆ కల్లు మీద పన్ను వేస్తే ఏమవుతుందో 1879లో తెలిసింది. విశాఖ, గంజాం కొండలను ఈస్టిండియా కంపెనీ 1839లోనే ఒక ప్రత్యేక చట్టంతో కలెక్టరును ఏజెంటుగా చేసి అతని చేతిలో పెట్టింది. ‘ఏజెన్సీ’ అనే మాట అక్కణ్ణుంచే పుట్టింది. అరకుకు నైరుతి దిక్కున రంపలో కల్లుగీతను ప్రభుత్వం గుత్తేదార్లకు అప్పగించింది. అక్కడి దొర అయిన మన్సబుదారు కల్లు మీద వేసిన చిగురుపన్ను ఉండనే ఉంది. 1879 మార్చిలో తిరుగుబాటు లేచింది, దాన్ని నడిపినవారిలో ఒకరైన కారం తమ్మన్నదొర పేరు మన్యమంతా పాకింది. అది అణగడానికి మరుసటి ఏడు దాకా పట్టింది. పోలీసుల జులుం, అప్పులు, కోర్టుల బెడద వంటి ఇతర కారణాలు చరిత్రకారులు చెబుతారు, అవీ నిజమే. అయితే అది మొదలైన నెల నన్ను ఆలోచింపజేస్తుంది. గాదెలో గింజ తరిగిపోయి, చెట్టు మీది కుండే దిక్కుగా ఉన్న రోజులవి.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీతలు గీసిన చోట గొడ్డలి వేసినా, నిప్పు పెట్టినా నేరమే. పోడుకు ఆయువుపట్టయిన వేసవి పనులు రెండూ ఒక్కసారే నేరాలైపోయాయి. ఇక మిగిలిన తీరిక రోజులు కూడా రోడ్డు పనులకు పోయాయి. కొండల్లో బాటలు వేయాలంటే పొడి రోజుల్లోనే వేయాలి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన బాట పనుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను అరకొర కూలికి, బలవంతంగా దింపాడు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం సోదరుల వంటివారికి ఆ కడుపుమంట స్వానుభవం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద రాజు దళం తొలి దాడి చేసింది. 1924 మే 7న, నడివేసవిలో, రాజును కొయ్యూరులో కాల్చిచంపారు. ఏ రోడ్లు వేయడానికి జనాన్ని ఈడ్చారో ఆ రోడ్ల మీదే మలబారు పటాలం వచ్చింది.

షావుకారు తుపాకీతో రాలేదు, ఉప్పు మూటతో వచ్చాడు. వారానికోసారి జరిగే సంతలో ఉప్పు, ఎండుచేపలు, పొగాకు, బట్ట దొరికేవి. బదులుగా చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు, కరక్కాయలు, కుంకుళ్లు, తేనె. వానాకాలంలో అప్పిచ్చినవాడు వేసవిలో కొలతపాత్ర పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. తన కుంచంతో కొలుచుకుని, తన లెక్క రాసుకునేవాడు. చెట్టు మీది చింతకాయ పిందెగా ఉండగానే అప్పు కింద జమ అయిపోయేది, దానితో తీరకపోతే భూమి పోయేది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో వడ్డీలకు, భూముల చేతిమార్పిడికి కళ్లెం వేస్తూ చట్టం చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో వచ్చిన భూబదిలీ నిబంధనలను 1970 నాటి ఒకటో నిబంధనతో కట్టుదిట్టం చేశారు. ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని ఇంగ్లీషు రాని ముసలివాళ్లు కూడా అనే మాట ఇదే. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ అడవి సరుకు కొనడానికి డిపోలు తెరిచింది. కుంచం పోయి కాటా వచ్చింది. డిపోలో డబ్బు ఆలస్యమైందనో ధర చాలలేదనో మళ్లీ దళారి వైపు తిరిగినవాళ్లూ ఉన్నారు. అయినా పోల్చి చూసుకోవడానికి ఒక ధరంటూ ఏర్పడింది. నా దృష్టిలో అది చిన్న సంగతి కాదు.

1960ల్లో లోయలోకి రైలు వచ్చింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి విశాఖ రేవు దాకా వేసిన కొత్తవలస–కిరండోల్ మార్గం అది. కొండలను యాభైకి పైగా సొరంగాలతో తొలుచుకుంటూ పోయింది. సరుకు కోసం వేసిన దారి అయినా దాని మీద ప్రయాణికుల బండి నడిచాక వేసవి పళ్లకు కొత్త సంత దొరికింది. పనసపళ్లు, మామిడిపళ్లు గంపలకెత్తుకుని ఆడవాళ్లు స్టేషన్లకు రావడం మొదలుపెట్టారు.

దారితోపాటు గనులూ వచ్చాయి. బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో ఖనిజ తవ్వకాల లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని 1997లో తీర్పు వచ్చింది. దేశంలోని గిరిజన ప్రాంతాలన్నీ ఆ తీర్పును తమదిగా చెప్పుకుంటాయి.

ఈ యాభై అరవై ఏళ్లలో వేసవి రూపాన్ని అన్నిటికన్నా ఎక్కువ మార్చింది కాఫీ. ఇంగ్లీషు అధికారుల నాడే ఈ కొండలకు వచ్చినా అది ఇంటింటి పెరటికి చేరింది స్వాతంత్ర్యం తరవాతే. కాఫీకి నీడ కావాలి. పోడు కోసం చెట్లు కొట్టిన చోటే నీడ కోసం సిల్వర్ ఓక్ నాటి, దానికి మిరియాల తీగ పాకించారు. కొండకు నిప్పు పెట్టాల్సిన నెలలో ఇప్పుడు తోట పక్కన ఎవరైనా నిప్పు రాజేస్తారేమోనని కాపలా ఉంటున్నారు. మార్చి, ఏప్రిల్‌లో ఒక జల్లు పడాలి. పడిన వారం పది రోజులకు కొమ్మకొమ్మకూ తెల్లటి పూత విచ్చుకుని లోయంతా మల్లెతోటలా వాసన వేస్తుంది. ఆ పూత ఉండేది కొద్ది రోజులే. ఆ జల్లు తప్పితే ఆ ఏటి కాపు తగ్గినట్టే. పూర్వం వాన ముందు వచ్చి బూడిద కొట్టుకుపోతుందేమోనని భయపడిన ఇళ్లలోనే ఇవాళ ఏప్రిల్ వాన రాలేదని బెంగ. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

రోడ్లు బాగుపడ్డాయి, అద్దాల పెట్టెల రైలు తిరుగుతోంది, 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు పేరిట జిల్లా ఏర్పడింది. కానీ ప్రధాన రహదారి వదిలి గంట నడిస్తే పాత వేసవే ఎదురవుతుంది. ఏప్రిల్ చివరికి ఊట సన్నబడుతుంది. కొండ మీది ఊటకు గొట్టాలు వేసి ఊళ్లోకి నీళ్లు దించే పథకాలున్నా, ఊటే ఎండితే కుళాయి ఏం చేస్తుంది? ఆడవాళ్లు గెడ్డ ఇసుకలో చలమ తవ్వి, నీరు ఊరేదాకా కూర్చుని, గరిటెతో తోడి బిందె నింపుకుంటారు. ఒక బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో పక్కన కూర్చుని చూశాక, కింద హోటళ్లలో తెరిచి వదిలేసిన కుళాయిలను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. రోడ్డు లేని ఊరి నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకురావడం ఈ పొడి రోజుల్లోనే కాస్త సులువు. అందుకే నెలలు నిండబోతున్నవాళ్లను వానలు పడకముందే కిందికి పంపాలని పెద్దవాళ్లు తొందరపడతారు.

మే నెల చివరి సంతలు కిటకిటలాడతాయి. మిగిలిన చింతపండు అమ్మేసి, వానాకాలానికి సరిపడా ఉప్పు, ఎండుచేపలు, పొగాకు మూటగట్టుకుంటారు. విత్తనాలు చేతులు మారతాయి. నేను చూసిన చింతపండు ఇంటికి ఆ రోజుల్లో మళ్లీ వెళ్తే అరుగు మీద రాయి లేదు. పెద్దావిడ వెదురు బద్దల చట్రం మీద అడ్డాకులు పరిచి వానకు కప్పుకునే గిడుగు అల్లుకుంటోంది. పడమటి కొండ మీద మబ్బు కమ్మింది. ఆమె ఒకసారి తలెత్తి చూసి, మనవణ్ణి పిలిచి, పెరట్లో ఆరబోసిన టెంకలు లోపల పోయమంది.