అటకెక్కిన చరిత్ర

పట్నాలో గంగ ఒడ్డుకు దగ్గర్లో గోల్‌ఘర్ అని ఒక వింత కట్టడం ఉంది. బోర్లించిన పెద్ద గంపలా ఉంటుంది. దాని గోడ మీద ఇంగ్లీషులో ఒక శాసనం చెక్కారు. ఈ సీమల్లో కరువన్నది ఇక ఎన్నటికీ రాకుండా చేయడానికి 1784 జనవరిలో గవర్నర్ జనరల్ ఆజ్ఞాపించిన పథకంలో భాగంగా, కెప్టెన్ జాన్ గార్‌స్టిన్ అనే ఇంజనీరు ఈ ధాన్యాగారం కట్టి 1786 జులై 20న పూర్తిచేశాడని అందులో ఉంటుంది. చివర, మొదటిసారి దీన్ని నింపి అందరి ఎదుటా మూసినవారు ఫలానా అని రాయడానికి మాటలు చెక్కి, పేరు కోసం జాగా వదిలారు. ఆ జాగా ఖాళీగానే ఉండిపోయింది. గోల్‌ఘర్‌ని నిండుగా నింపినవాళ్ళు లేరు!

నవ్వొస్తుంది గాని, దీని వెనకున్న కథ నవ్వే కథ కాదు. 1770 నాటి బెంగాల్ కరువులో ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. జనంలో మూడోవంతుకు తక్కువ కాకుండా పోయారని 1772లో వారన్ హేస్టింగ్సే లెక్క రాశాడు. అంతమంది పోయినా ఆ ఏడు కుంఫిణీవారి పన్నుల వసూలు పెద్దగా తగ్గలేదు, అది వేరే సంగతి. ఆ తర్వాత పద్నాలుగేళ్ళకి దొరగారికి ధాన్యాగారాల ఆలోచన వచ్చింది. ఇది పూర్తయ్యేసరికి ఆయన ఈ దేశం విడిచి వెళ్ళి ఏడాది దాటింది. పథకం కాస్తా అటకెక్కింది.

ధాన్యం నింపడానికి ఆ కెప్టెన్ చేసిన ఏర్పాటు మాత్రం ముచ్చటగా ఉంటుంది. బయటి గోడకు చుట్టుకుని రెండు మెట్ల వరసలు, మొత్తం 145 మెట్లు. కూలీలు బస్తాలు మోసుకుని ఒకవైపు ఎక్కాలి, శిఖరాన ఉన్న కంతలో ధాన్యం కుమ్మరించి రెండోవైపు దిగిపోవాలి. ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ తోపులాట ఉండదు. మరి తీసుకోవడానికో? అడుగున చిన్న తలుపులు. అవి లోపలికి తెరుచుకుంటాయనీ, నిండా ధాన్యం ఉంటే తలుపు అంగుళం కూడా కదలదనీ అక్కడ కథలుగా చెప్పుకుంటారు. తలుపుల మాట అలా ఉంచండి. 29 మీటర్ల ఎత్తున్న గోపురంలో కుప్పబోసిన గింజల్లో నిరుటివేవో, మొన్నటివేవో ఎవరు ఏరతారు? అడుగున ముక్కిపోతే పైనున్నవాళ్ళకి తెలిసేదెలా?

ఈ ప్రశ్న మా అమ్మమ్మ అయితే పునాది తవ్వకముందే అడిగేది. వాళ్ళింట్లో వంటింటి పక్కన చీకటి కొట్టుగది ఒకటుండేది. రోజూ కావలసిన పప్పుల డబ్బాలు చేతికందే బల్ల మీద ఉండేవి. పెళ్ళిళ్ళకీ పండగలకీ తప్ప దిగని ఇత్తడి గంగాళాలు అటక మీద. వెన్న, నెయ్యి ఉట్టి మీద. ఊరగాయ జాడీలూ బియ్యం బస్తాలూ పీటల మీద, అవీ గోడకి జానెడు ఎడంగా. గోడకి ఆనిస్తే ఏం పోయిందమ్మమ్మా అంటే, "గోడ చెమరుస్తుందే. పైగా ఎలక గోడవారనే నడుస్తుంది. నువ్వు నట్టింట్లోంచి నడిచినట్టు నడుస్తుందనుకున్నావా?" అనేది. పాత బియ్యం అయ్యేదాకా కొత్త బస్తా మూతి విప్పనిచ్చేది కాదు.

అమ్మమ్మ చదివింది పెద్దబాలశిక్ష. ఆవిడ సూత్రాలు మాత్రం రోమన్లవి! ఇంగ్లండు ఉత్తరాన రోమన్ చక్రవర్తి హేడ్రియన్ 122వ సంవత్సరంలో కట్టడం మొదలెట్టించిన పొడవాటి గోడ ఉంది. దాని వెంట హౌస్‌స్టెడ్స్ అనే కోటలో సైనికుల ధాన్యపు కొట్టు పునాదులు ఇప్పటికీ కనిపిస్తాయి. నేలంతా పొట్టి రాతి స్తంభాల వరసలు. వాటి మీద నేల పరిచి ధాన్యం పెట్టేవారు, కింద గాలి ఆడేది. మన పల్లెల్లో రాళ్ళ మీద గాదె నిలబెట్టడం కూడా ఈ ఉపాయమే కదా.

మన భారత ఆహార సంస్థ 1965 జనవరి 14న పుట్టింది. మొదటి జిల్లా కార్యాలయం తంజావూరులో. ఆ సంస్థ గిడ్డంగుల పద్ధతులు చదువుతుంటే నాకు మళ్ళీ ఆ కొట్టుగదే గుర్తొచ్చింది. బస్తాల కింద చెక్క చట్రాలు. గోడకీ బస్తాల వరసకీ మధ్య ఖాళీ, వరసకీ వరసకీ మధ్య మనిషి నడిచే సందు. ప్రతి వరసకీ వచ్చిన తేదీ రాసిన కార్డు. ముందొచ్చింది ముందు పోవాలి. గిడ్డంగి అరుగు కూడా లారీ తొట్టి ఎత్తుకు దగ్గరగా కడతారు. ఆ అరుగు లేకపోతే ప్రతి బస్తానీ హమాలీ నేల మీంచి ఎత్తుకోవాలి. రోజుకి ఎన్ని వందలసార్లు నడుం వంగాలో ఆలోచించండి. పట్నాలో 145 మెట్లు గీసిన కెప్టెన్‌గారు ఒక్క బస్తా భుజాన వేసుకుని ఎక్కి చూశారా అని నా అనుమానం.

ఇక మన ఇళ్ళలోకి వచ్చిన కన్నాల ఇనుప ర్యాకు సంగతి. కిరాణా కొట్టుకీ, గ్రంథాలయానికీ, మన స్టోరురూముకీ ఒకటే ర్యాకు. దీన్ని ప్రచారంలోకి తెచ్చినాయన డెమిట్రియస్ కొమినో. గ్రీకు తల్లిదండ్రులకి ఆస్ట్రేలియాలో పుట్టి, లండన్‌లో అచ్చాఫీసు నడిపాడు. పని మారినప్పుడల్లా వడ్రంగి చేసిన అరలు విరగ్గొట్టడం, కొత్తవి చేయించడం, కలప దండగ. ఆ దండగ చూసి ఆయన ప్రాణం విసిగింది. పొడుగునా కన్నాలున్న ఇనుప బద్దీలుంటే కావలసినంత కోసుకుని నట్లూ బోల్టులతో బిగించుకోవచ్చు, అక్కర్లేకపోతే విప్పేయొచ్చు అనుకున్నాడు. యుద్ధం అయ్యాక 1947లో డెక్సియన్ అనే పేరుతో వాటి తయారీ మొదలెట్టాడు. 1953లో గ్రీసు దీవుల్లో భూకంపం వచ్చి ఇళ్ళు కూలినప్పుడు ఆ బద్దీలతోనే ఇళ్ళు కూడా కట్టారట.

అవే నిట్టాళ్ళని ఎత్తు పెంచి, ర్యాకుల నడుమ పలకలు పరిస్తే పైన ఇంకో అంతస్తు. గోదాముల వాళ్ళు దాన్ని మెజనైన్ అంటారు. నేనైతే మనిషి నిలబడగలిగిన అటక అంటాను. అది వేసేముందు లెక్క చూడవలసింది పలక ఎంత బరువు ఆపుతుందనే కాదు. ఆ బరువంతా చివరికి నాలుగు సన్నటి కాళ్ళ కింద నేల మీద పడుతుంది. ఇనుప బీరువా జరిపి గచ్చు పగలగొట్టుకున్న ఇల్లాలికి ఇది వేరే చెప్పక్కర్లేదు. అందుకే కాళ్ళ కింద వెడల్పాటి ఇనుప రేకులు వేస్తారు. అంచున చేతికి కమ్మీ, కాలి దగ్గర చిన్న అడ్డుపట్టీ, ఎక్కడానికి నిచ్చెన కాకుండా సరైన మెట్లు ఉండాలి. చీరల కొట్లో పైనుంచి కట్టలు అందించే కుర్రాడికి ఇవేవీ ఉండవు. మనం మాత్రం "ఆ మూలది, ఆకుపచ్చంచుది తియ్యి బాబూ" అని నాలుగోసారి కూడా ఎక్కిస్తాం.