తావో సంప్రదాయానికి మూలపురుషుడెవరు?

తావో మార్గస్థాపకుడు లావోత్సు అన్నది లోకప్రసిద్ధం. ఆయన చరితాన్ని మనకు అందించిన ప్రాచీన చరిత్రకారుడు సుమా చియెన్ మాత్రం అంత నిశ్చయంగా పలుకలేదు. క్రీ.పూ. 100 ప్రాంతంలో రచించిన ఆ చరిత్రలో లావోత్సు చూ రాజ్యవాసి, లీ వంశజుడు, చౌ రాజుల గ్రంథభాండార రక్షకుడు. రాజ్యం క్షీణదశకు రాగా ఆయన పశ్చిమదిశగా పయనమయ్యాడు. కనుమ వద్ద రక్షకుడైన యిన్ షీ ప్రార్థించగా, సుమారు ఐదువేల అక్షరాల గ్రంథాన్ని అనుగ్రహించి వెళ్ళిపోయాడు. ఇంత చెప్పి, అదే చరితంలో లావోత్సు కావచ్చునని మరి ఇద్దరిని పేర్కొని, సత్యమేదో లోకానికి తెలియదని సుమా చియెన్ అంగీకరించాడు. భక్తి ఎంత ఉన్నా సంశయాన్ని దాచని ఈ సత్యనిష్ఠ శ్లాఘనీయం.

సంశయం వ్యక్తిని గురించి. గ్రంథం మాత్రం నిస్సందేహంగా ప్రాచీనం. 1993లో గువోదియాన్ గ్రామంలోని ఒక సమాధిలో లభించిన వెదురు బద్దలపై 'తావో తే చింగ్' భాగాలు కనిపించాయి. ఆ సమాధి క్రీ.పూ. 300 ప్రాంతానిది. క్రీ.పూ. నాల్గవ శతాబ్దివాడైన చువాంగ్ త్సు రెండవ మహాచార్యుడు. ఆయన పేరిట 33 అధ్యాయాలు ఉన్నా, మొదటి ఏడే ఆయన స్వీయరచనలని పండితుల సాధారణాభిప్రాయం.

ఈ ఇద్దరూ పీఠాన్ని గాని, దీక్షావిధిని గాని నెలకొల్పలేదు. ఆ కార్యం చాంగ్ తావోలింగ్‌ది. దైవరూపుడైన లావోత్సు క్రీ.శ. 142లో సిచువాన్ పర్వతాలలో తనకు దర్శనమిచ్చాడని ఆయన ప్రకటించాడు. శిష్యులు ఐదు కొలతల బియ్యం సమర్పించేవారు కనుక ఆ సంప్రదాయానికి అదే పేరు వచ్చింది. ఇక్కడ జ్ఞాని దేవుడయ్యాడు, అర్చకుడు స్థాపకుడయ్యాడు. తావో మతాన్ని మతంగా చూచేవారికి అసలు ఆదిపురుషుడు చాంగ్ తావోలింగే అనడం న్యాయం.

618లో రాజ్యానికి వచ్చిన తాంగ్ చక్రవర్తులు కూడా లీ వంశీయులే. తమ ఇంటిపేరే ఆధారంగా లావోత్సును పూర్వజునిగా ప్రకటించుకుని, 666లో ఆయనకు చక్రవర్తి బిరుదం సమర్పించారు. పదవిని విడిచి వెళ్ళిన వానికి మరణానంతరం సింహాసనం! ఆ వంశభక్తిలో రాజ్యప్రయోజనమే అధికం.

భారతీయులకు ఆసక్తికరమైన ఘట్టం కూడా ఆ కాలానిదే. కామరూప రాజు భాస్కరవర్మ కోరిక మేరకు, 647లో 'తావో తే చింగ్'ను సంస్కృతంలోకి అనువదించమని చక్రవర్తి హుయాన్‌త్సాంగ్‌ను ఆదేశించాడు. 'తావో' పదాన్ని 'బోధి'గా అనువదించాలని తావో పండితులు పట్టుబట్టారు. అలా చేస్తే తమ ఆచార్యుని ఉపదేశం బుద్ధుని జ్ఞానంతో సమానమవుతుందని వారి ఆశ. నలందలో విద్య గడించిన హుయాన్‌త్సాంగ్ అంగీకరించలేదు. బోధి అనగా మేల్కొనడం, తావో అనగా దారి. అందుచేత 'మార్గ' శబ్దమే యుక్తమని ఆయన నిలిచాడు. ఆ సంస్కృత ప్రతి నేడు లభ్యం కాదు. వాదం మాత్రం చైనా బౌద్ధగ్రంథాలలో నిలిచి ఉన్నది.