కట్టుబడి బంట్రోతులు

కట్టుబడి బంట్రోతులు తెలుగు సీమల్లో, ముఖ్యంగా రాయలసీమలో, భూమి అనుభవిస్తూ అందుకు బదులుగా ఆయుధసేవ చేసిన గ్రామ బలగం. వీరికి నెల జీతం లేదు. స్థానిక దొర అయిన పాలెగాడు ఇచ్చిన ఇనాం భూమిని స్వల్పమైన కట్టుబడి పన్నుతో తరతరాలుగా సాగుచేసుకునేవారు. ఈస్టిండియా కంపెనీ పాలన స్థిరపడ్డాక వీరి సేవ అక్కర్లేకపోయింది. భూమి మీద వివాదం మాత్రం 1860ల వరకు నడిచింది. ఇదే పని గుంటూరు సీమలో జమీందార్ల బంట్రోతులు, మొఖాసాదార్లు చేశారు.

సేవ, భూమి

మామూలు రోజుల్లో బంట్రోతు సేద్యగాడే. పాలెగాడి పిలుపు వస్తే బల్లెమో, కత్తీ డాలో, ఉంటే తుపాకో పట్టుకుని వెళ్లేవాడు. యుద్ధం లేనప్పుడు ఊరి కావలి, కనుమ దారుల్లో బాటసారులకు తోడు, వసూలైన శిస్తు సొమ్ముకు కాపలా అతని విధులు. ఈ బలగంలో బోయలు ఎక్కువ, ఇతర కులాలవారూ ఉండేవారు. తండ్రి తరవాత కొడుకు ఆ భూమికీ, ఆ సేవకూ వారసుడయ్యేవాడు. ఇంటికి తిండి, ఊళ్లో మర్యాద రెండూ ఆ భూమి మీదే ఆధారపడి ఉండేవి కాబట్టి, ఇనాం పోవడమంటే అతనికి కొలువూ పరువూ ఒక్కసారే పోవడం.

కంపెనీ రాక

1800లో నిజాం కడప, బళ్లారి ప్రాంతాలను కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు అక్కడ పనిచేశాడు. ఆయన వచ్చేనాటికి అక్కడ 80 మంది పాలెగాళ్లున్నారు. మేజర్ జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్ సైన్యం అండతో మన్రో వారి కోటలనూ బలగాలనూ విడగొట్టి, లొంగినవారిలో పలువురికి పింఛన్లు ఏర్పాటు చేశాడు. పాలెగాడికి బలగం లేకపోతే బంట్రోతుకు దొర లేడు. అయినా చాలాచోట్ల ఇనాం భూములు పాతవారి చేతుల్లోనే మిగిలాయి. 1816లో వచ్చిన 11వ రెగ్యులేషన్ ఊరి కావలిని గ్రామాధికారి, తలారుల చేతిలో పెట్టింది. దానితో సేవ లేని సేవ ఇనాంగా కట్టుబడి భూమి కంపెనీ కంట్లో పడింది.

పల్నాడు, గుంటూరు సీమ

 పల్నాడు, గుంటూరు సీమలు ఒకేసారి కంపెనీ చేతికి రాలేదు. గుంటూరు సర్కారు బసాలత్ జంగ్ మరణం (1782) తరవాత, 1788లో నిజాం నుంచి వచ్చింది. పల్నాడు ఆర్కాటు నవాబు రాజ్యంలోది. 1801లో కర్ణాటక ప్రాంతంతో పాటు వచ్చింది. గుంటూరు సర్కారులో అమరావతి వాసిరెడ్డి, నరసరావుపేట మల్రాజు వంటి జమీందారీ కుటుంబాలు సొంత బలగాలను పోషించాయి. సర్కారు జిల్లాల్లో ఆయుధసేవకు బదులుగా ఏకంగా గ్రామాన్నే ఇచ్చే పద్ధతి ఒకటుంది. అదే మొఖాసా.

1802 శాశ్వత శిస్తు బందోబస్తు జమీందారును శిస్తు కట్టే భూస్వామిగానే మిగిల్చింది. బలగం పోషణ దండగ ఖర్చయింది. 1832-33 నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. శిస్తు బకాయిలు పేరుకుపోయి జమీందారీలు ప్రభుత్వ అజమాయిషీలోకి వెళ్లాయి. 1840ల నడుమ కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ విచారణ జరిపి నివేదిక ఇచ్చాక వాటిని ప్రభుత్వమే తీసుకుంది. జమీందారు కొలువులో ఉన్న బంట్రోతు ఆ దెబ్బతో కౌలు రైతుగానో, రైత్వారీ పట్టాదారుగానో మారవలసి వచ్చింది.

1846 తిరుగుబాటు

కట్టుబడి ఇనాందారు చనిపోతే భూమిని వారసుడికి ఇవ్వకుండా ప్రభుత్వం కలుపుకోవడం 1840లలో జోరందుకుంది. కోయిలకుంట్ల ప్రాంతంలో ఆ అసంతృప్తికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నాయకుడయ్యాడు. పాలెగాళ్ల వంశీకుడైన ఆయనకు నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల పింఛను వచ్చేది. బంధువుల వాటా పింఛను దక్కలేదన్న కోపం ఆయనకూ ఉంది. 1846 జూలైలో ఆయన మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు, తహసీల్దారు హతుడయ్యాడు. గిద్దలూరు వైపు నల్లమల అంచుల్లో కంపెనీ సైన్యంతో పోరు సాగింది. అనుచరుల్లో ఇనాములు పోయిన, పోతాయని భయపడిన కట్టుబడి బంట్రోతులు ప్రధానం. అక్టోబరులో నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను జనం చూసేలా ఏళ్ల తరబడి కోటకు వేలాడదీసి ఉంచారు. ఆయనతో పాటు వందల మంది మీద కేసులు నడిచాయి. శిక్ష పడినవారి కుటుంబాలు భూమినీ మనిషినీ రెండింటినీ పోగొట్టుకున్నాయి.

ఇనాం కమిషన్

1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్‌ను నియమించింది. మరుసటి ఏడు 24వ చట్టంతో జిల్లా పోలీసు వ్యవస్థ ఏర్పడింది. జీతం తీసుకునే కానిస్టేబులు వచ్చాక బంట్రోతు సేవ చట్టరీత్యా ముగిసింది. కమిషన్ అక్కర్లేని సేవలను రద్దుచేసి, సేవకు బదులుగా నిర్ణీతమైన పన్ను (క్విట్‌రెంటు) కట్టే షరతు మీద సేవ ఇనాములను సొంత ఆస్తిగా మార్చింది. ఇనాందారుకు టైటిల్ డీడ్ ఇచ్చారు. ఆయుధం పట్టిన తాత మనవడు కాగితం చూపించి భూమి నిలుపుకున్నాడు. 1869లో కమిషన్ ముగిసింది.

వంశ చరిత్రకు ఆధారాలు

కంపెనీ సిపాయికి రెజిమెంటు పట్టీ ఉంటుంది. కట్టుబడి బంట్రోతు మాత్రం శిస్తు దస్తరాల్లోనే కనిపిస్తాడు. అందులో ముఖ్యమైనది ఇనాం ఫెయిర్ రిజిస్టర్. రెవెన్యూ కచేరీల్లో దీన్ని ఐ.ఎఫ్.ఆర్. అంటారు. ఊరు వారీగా రాసిన దీని గడుల్లో ఇనాం ఎందుకు ఇచ్చారు, ఎవరిచ్చారు, విస్తీర్ణమెంత, పాత లెక్కల్లో ఎవరి పేరుంది, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, అతని వయసెంత, మొదటి గ్రహీతకు ఏమవుతాడు అన్నవి వరసగా ఉంటాయి. చివర కమిషన్ తీర్పు, టైటిల్ డీడ్ నంబరు. ఒక్క వరసలోనే మూడు తరాలు దొరికే సందర్భాలున్నాయి. తేదీలు ఫసలీల్లో (శిస్తు సంవత్సరాల్లో) ఉంటే 590 కలపాలి: ఫసలీ 1270 అంటే 1860-61.

దీనికి తోడు పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫియత్తులు ఉన్నాయి. వీటిలో ఊరి పుట్టుక, దేవాలయాలు, మాన్యాలు, పాలకుల వరస కనిపిస్తాయి. పల్నాటి కుటుంబం వెతుకులాటలో జిల్లా పేర్లు చిక్కు తెస్తాయి. గుంటూరు జిల్లా 1859లో కృష్ణాలో కలిసింది, 1904లో మళ్లీ విడిపోయింది. పల్నాడు జిల్లా 2022లో ఏర్పడింది. అందువల్ల పల్నాటి ఊళ్ల ఇనాం లెక్కను ఇనాం కమిషన్ కాలానికి కృష్ణా జిల్లా దస్తరాల్లో వెతకాలి. దొరికిన పేరు పక్కన సేవ స్వభావం రాసి ఉంటేనే ఆ పూర్వికుణ్ణి బంట్రోతుగా లెక్కించాలి. ఇంట్లో పాత కత్తి ఉన్నంత మాత్రాన అది రుజువు కాదు.