చీపురు చరిత్ర – 6: విశాఖ తీరాన్ని ఎవరు ఊడుస్తున్నారు?

విశాఖపట్నం కాలుష్యం అనగానే మనవాళ్ళు పొగ గొట్టాల దగ్గర మొదలుపెడతారు. తప్పేం లేదు. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది. తర్వాత ఎరువులు, జింకు, ఉక్కు వరసగా వచ్చాయి. 1997 సెప్టెంబర్ 14 నాటి రిఫైనరీ పేలుడు, 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మేసిన స్టైరీన్ ఆవిరి ఈ ఊరు మర్చిపోయేవి కావు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తయారుచేసిన తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో విశాఖ ఉంది. వన్‌టౌన్ ఇళ్ళ కిటికీల మీద పోర్టు బొగ్గు ధూళి ఇప్పటికీ పేరుకుంటూనే ఉంది. ఇవన్నీ రాయాల్సిన చరిత్రలే, రాస్తున్నవాళ్ళు ఉన్నారు.

ఈ భాగంలో నేను రాసేది రోజూ పొద్దున్నే మన గుమ్మం ముందు జరిగే చరిత్ర. మనం పారేసింది ఎవరు ఎత్తుతున్నారు, వాళ్ళే ఎందుకు ఎత్తుతున్నారు అన్నది.

ముందు ఒక భాషా సంగతి. నేను కాలేజీలో తెలుగు చెప్తాను. ‘పొల్యూషన్’కి తెలుగు మాట ఏమిటని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో ‘కాలుష్యం’ అంటుంది. ‘మైల’ అని ఎవరూ అనరు. నిజానికి మన ఇళ్ళలో తరతరాలుగా వాడుకలో ఉన్న మాట మైలే. ‘అంటు’ చూడండి. అంటురోగంలో అదే, అంట్ల గిన్నెల్లో అదే, అంటరానితనంలోనూ అదే. తిని వదిలేసిన గిన్నెకీ, రోగానికీ, మనిషికీ ఒకే మాట అంటగట్టిన సమాజం మనది. గిన్నె తోమితే శుభ్రమవుతుంది. రోగం తగ్గుతుంది. మనిషికి మాత్రం ఆ మాట పుట్టుకతో వచ్చి చావుతోనూ పోలేదు, శ్మశానాలు కూడా వేరు చేశారు. మన పర్యావరణ వ్యాసాలు ‘కాలుష్యం’ అనే కొత్త మాట తీసుకున్నాయి, ‘మైల’ని అలాగే వదిలేశాయి. కాబట్టి పొగ ఎక్కడ నుంచి వచ్చిందని అడుగుతాయి గానీ, చెత్త ఎవరి చేతికి పోయిందని అడగవు.

ఇక చరిత్రలోకి వద్దాం. విశాఖలో పారిశుద్ధ్యం పని అనగానే ఊరంతా చెప్పే పేరు రెల్లి. అది వాళ్ళ కులవృత్తి అని, అనాదిగా అంతేనని చాలామంది నమ్ముతారు. చదువుకున్నవాళ్ళు కూడా. 1909లో అచ్చయిన థర్‌స్టన్ కులాలు, తెగల గ్రంథం తీసి చూడండి. అది మన పక్షాన రాసిన పుస్తకం కాదు. తెల్లదొర మ్యూజియం కన్నుతో మనుషుల్ని కొలిచి రాసిన పుస్తకం. అందులో కూడా రెల్లివాళ్ళంటే తోటపని, కూలిపని చేసుకునే కులం. కొండల దగ్గర ఉంటూ కూరగాయలు, పళ్ళు అమ్ముకుంటారని రాశాడు. రెల్లు అంటే తెలుగులో గడ్డి అని కూడా గుర్తుచేశాడు. అదే గ్రంథంలో మరోచోట, ‘కొన్నిచోట్ల’ ఊడ్చే పని, పాకీ పని రెల్లివాళ్ళు చేస్తారని ఉంది.

ఆ ‘కొన్నిచోట్ల’ అన్న మాట దగ్గర ఆగండి. ఒక కులమంతా చేసే పని కాదది అప్పటికి. ఆ చోట్లు ఏవై ఉంటాయి? కొండవాలు పల్లెలో పాకీ పని ఎవరికి కావాలి? పట్నానికి కావాలి. విశాఖలో 1858లోనే మున్సిపల్ సంఘం ఏర్పడింది. దేశంలోని పాత మున్సిపాలిటీల్లో ఒకటని మనం గొప్పగా చెప్పుకుంటాం. మున్సిపాలిటీ అంటే వీధి దీపాలు, రోడ్లు మాత్రమే కాదు. ఇంటింటి పొడి మరుగుదొడ్డి నుంచి తట్టలో మలం మోసే మనిషి కూడా. 1933లో పోర్టు తెరుచుకున్నాక ఊరు పెరిగింది, తట్టలూ పెరిగాయి. నా చదువులో అర్థమైనది ఇది: అనాది కులవృత్తి అని మనకు చెప్తున్నదాన్ని చాలావరకు గట్టిపరిచింది ఆధునిక పట్నమే. భూమి లేని మనిషికి నెల జీతం చూపించి, తట్ట చేతికిచ్చి, ఆ తర్వాత దాన్ని వాడి కులం ఖాతాలో రాసేసింది. పళ్ళ మాట పుస్తకంలో మిగిలిపోయింది. పుస్తకంలోనే కాదు, విశాఖ వీధుల్లో తోపుడు బండి మీద సీతాఫలం, జీడిమామిడి అమ్మే ఆడవాళ్ళలో ఇప్పటికీ రెల్లి ఆడవాళ్ళు ఉన్నారు. పండు కొనే చెయ్యి వాళ్ళని ఆ పండుతో గుర్తుపెట్టుకోదు.

అంబేడ్కర్ 1936లోనే చెప్పిన సంగతి ఇది. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే మెట్లుమెట్లుగా విడగొడుతుంది. చెత్త బండికి జీపీఎస్ పెట్టాం, మెట్టు మాత్రం అలాగే ఉంది.

2014 అక్టోబర్ 2న దేశమంతా చీపుర్లు పట్టి ఫోటోలు దిగింది. సరిగ్గా పదిరోజులకి, అక్టోబర్ 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. కూలిన చెట్లు, కుళ్ళిన చెత్త, బురద. ఇతర పట్టణాల నుంచి కూడా పారిశుద్ధ్య కార్మికుల్ని తెచ్చి ఊరిని లేపి నిలబెట్టారు. విశాఖ స్ఫూర్తి అని మనం చెప్పుకునేదానికి అసలు యజమానులు వాళ్ళు.

2022 ఆగస్టు 26న సముద్ర తీరంలో భారీ శుభ్రత కార్యక్రమం జరిగింది. ఇరవై వేల మందికి పైగా పాల్గొన్నారు, 76 టన్నుల ప్లాస్టిక్ తీశామని ప్రభుత్వం చెప్పింది. మంచి పనే, వెక్కిరించను. కానీ ఈ ఊరు రోజుకు వెయ్యి టన్నులకు అటూ ఇటూగా చెత్త వదులుతుంది. 76 టన్నులంటే ఊరి చెత్తలో రెండు గంటల వాటా. మిగతా ఇరవై రెండు గంటలు ఎత్తేవాళ్ళకి టీ షర్టు లేదు, కెమెరా లేదు. 2023 డిసెంబర్ 26న రాష్ట్రమంతటా మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగారు. అడిగింది సమాన పనికి సమాన వేతనం, ఉద్యోగ భద్రత. జనవరి రెండో వారం దాకా సాగిన ఆ రోజుల్లో ‘కంపు భరించలేకపోతున్నాం’ అన్నవాళ్ళే ఎక్కువ. ఆ కంపు మధ్య జీవితాంతం పనిచేసేవాళ్ళు ఏం అడుగుతున్నారో విన్నవాళ్ళు తక్కువ.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మొక్క నాటడం, గుడ్డ సంచి పట్టుకెళ్ళడం చేస్తున్నాం, సంతోషం. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చేసి ఇవ్వాలన్నాయి. డైపర్లు, ప్యాడ్లు చుట్టి ఇవ్వాలన్నాయి. మనం వేరు చేయని రోజున ఆ పని ఆగిపోదు, ఇంకొకరి వేళ్ళు చేస్తాయి. పగిలిన గాజుగ్లాసు కాగితంలో చుట్టకుండా పారేస్తే దాని మొదటి కోత సముద్రపు తాబేలుకి పడదు, చెత్తబండి దగ్గర నిలబడ్డ అమ్మ అరచేతికి పడుతుంది. రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. దింపే కాంట్రాక్టరుకి ఫోన్ చేసేది మన అపార్ట్‌మెంట్ సంఘమే. అలా చనిపోయినవాళ్ళ కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబర్‌లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. పరిహారం పెరిగింది, దింపడం ఆగలేదు.

అందుకే నా దృష్టిలో ఇంట్లో రెండు బుట్టలు పెట్టడం పర్యావరణం పనీ, కులం మీద పనీ కూడా. మన మైల మన చేత్తో ముట్టుకోవడం అక్కడ మొదలవుతుంది. ఆ తర్వాత బండి తెచ్చిన మనిషిని ‘ఏయ్ చెత్తా’ అని పిలవకుండా పేరు అడగండి. వాళ్ళు సమ్మె టెంటు వేసినప్పుడు వెళ్ళి కాసేపు కూర్చోండి. సముద్రం శుభ్రంగా ఉండాలని కోరుకునేవాళ్ళంతా కూర్చోవాల్సిన చోటు అదే.

వచ్చే భాగం 1993 చట్టం, ఎస్.ఆర్. శంకరన్, బెజవాడ విల్సన్‌ల కృషి మీద.

జై భీమ్.