సాంచా లాగే బస్సూ

1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అప్పుడు మన సోలాపూర్ బొంబాయి ప్రెసిడెన్సీలోది, పక్కనున్న తుల్జాపూర్ నిజాం ఏలుబడిలోది. ఆనాటి ఆల్బియన్ బస్సును హైదరాబాదు బస్ భవన్‌లో భద్రపరిచారు.

అయితే పాత బస్సును చూపడం వేరు, రోడ్డెక్కించడం వేరు. సెలవుల తర్వాత సాంచాకు నూనె వేసి, చేత్తో తిప్పి చూశాకే కదా స్విచ్చి వేస్తాం! ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిన డీజిల్ బస్సుకూ అంతే ఓపిక కావాలి. పాత డీజిల్ తీసేయాలి. ఫిల్టర్లు, ఇంజను ఆయిల్ మార్చాలి. ముందు డీజిల్ అందకుండా ఇంజను తిప్పి ఆయిల్ ఎక్కించాలి. ఆ తర్వాతే గొట్టాల్లో గాలి తీసి స్టార్టు చేయాలి.

ఇంజను మోగిందని మురిసిపోవద్దు. బీటలు వారిన టైరు, తుప్పు పట్టిన బ్రేకు ప్రాణాలు తీస్తాయి. ఆగుతుందన్న నమ్మకం కుదిరాకే బండి కదలాలి.